తెల్లవారే వరకు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27:20–44

గూడెం కొత్తవీధి నుండి ఈ కొన్ని నిమిషములు మీతో మాట్లాడే భాగ్యమిచ్చిన దేవునికి స్తోత్రములు. సీలేరు, దారకొండ, సప్పర్ల, చింతపల్లి చుట్టుపక్కల కొండ గ్రామాలలో వింటున్నవారికి, మైదానములో వింటున్నవారికి, ముఖ్యముగా ఏదో ఒక ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకొని కూర్చొని వింటున్నవారికి ప్రభువు ఆదరణ కలుగును గాక.

ఈ దినము ఒక బరువైన అంశమును మీ ముందు పెడుతున్నాను. భార్యకు గాని భర్తకు గాని క్యాన్సరు వచ్చినప్పుడు, ముందు ఏమి జరుగుతుందో ఎవరూ చెప్పలేని ఆ దినములను విశ్వాసి ఎలా గడపాలి? చనిపోయినవారి గూర్చి సంఘములో ఎన్నో ప్రసంగములు వింటాము. స్వస్థత పొందినవారి సాక్ష్యములు కూడా వింటాము. కాని ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవారి సంగతి ఏమిటి? చికిత్స జరుగుతున్నది, తగ్గుతుందో తగ్గదో తెలియదు. తగ్గిందన్నారు, తిరిగి వస్తుందో రాదో తెలియదు. ఏడ్వటానికి కారణము ఇంకా రాలేదు, సంతోషించటానికి ధైర్యము చాలదు. అలాంటి ఇళ్ళు మన సంఘములలో చాలా ఉన్నాయి.

పౌలు ఎక్కిన ఓడను చూడండి. ఆయన ఖైదీగా రోమాకు వెళుతున్నాడు. పెనుగాలి పట్టుకున్నది. ఎన్నో దినములు సూర్యుడు కనబడలేదు, నక్షత్రములు కనబడలేదు. ఆ కాలములో సముద్రము మీద దారి చూపేవి అవే. అవి లేకపోతే తాము ఎక్కడ ఉన్నారో, ఎటు పోతున్నారో తెలియదు. పదునాలుగవ రాత్రి వచ్చింది. నేల దగ్గరలో ఉన్నదని నావికులకు అనుమానము తోచింది. ఆ నేల ఇసుక తీరమో, ఓడను పగలగొట్టే రాతి చోటో చీకటిలో కనబడదు. ఆ రాత్రి ఆ ఓడలో 276 మంది ఉన్నారు.

క్యాన్సరు వచ్చిన ఇంటి రాత్రి అలాంటిదే, ప్రియులారా. ఆ ఓడలో ఆ రాత్రి జరిగిన నాలుగు సంగతులను మనము ధ్యానించుదాము.

మొదటిది: లోతు కొలిచారు

నావికులు బుడుదు వేసి చూశారు. ఇరువది బారల లోతు వచ్చింది. కొంత దూరము పోయి మళ్ళీ వేశారు. పదునైదు బారలు వచ్చింది. పౌలుకు దేవదూత అంతకు ముందే మాట ఇచ్చాడు, ఎవరి ప్రాణమూ పోదని. అయినా లోతు కొలవటము అవిశ్వాసమని పౌలు అనలేదు. తెలుసుకోగలిగినంత తెలుసుకోవటము విశ్వాసమునకు విరోధము కాదు.

మన కొండలలో ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేదు గదా అని ఊరుకుంటారు. నోటిలో పుండు మూడు వారములైనా మానకపోతే వేడి చేసిందంటారు. ముట్లు ఆగిపోయిన తరువాత రక్తము కనబడితే సిగ్గుపడి చెప్పరు. ఉత్తరాంధ్రలో మన అమ్మమ్మలు, అత్తమ్మలు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సరుకు దారి తీస్తుందని విశాఖపట్నం వైద్యులు 1960ల నాటికే పరిశోధించి చెప్పారు. ఈ మాట ఈ రోజు ఇంటికి వెళ్ళి మీ ముసలమ్మకు చెప్పండి. ఆమె నోరు తెరిచి అంగిలి చూడండి.

మరొక మాట. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వస్తే ఎవరో చిల్లంగి పెట్టారని పొరుగువాని మీద అనుమానము పెంచుకునేవారు ఇంకా ఉన్నారు. ఆ అనుమానము ఎన్ని కొండ గ్రామాలలో ఎంత కీడు చేసిందో మీకు తెలుసు. క్యాన్సరు అనేది మన శరీరములోని కణములు అదుపు తప్పి పెరగటము. దానిని ఏ పొరుగువాడూ పంపలేదు. పుట్టు గ్రుడ్డివాని చూచి ఎవరి పాపము అని శిష్యులు అడిగినప్పుడు, వాని పాపమూ కాదు, వాని తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువు చెప్పాడు. యోహాను 9వ అధ్యాయములో చదువుకోండి. కాబట్టి చిల్లంగి అనే మాటను, శాపము అనే మాటను రోగి మంచము దగ్గరకు రానివ్వకండి.

లోతు కొలవటానికి చోట్లు ఉన్నాయి. చింతపల్లి, లంబసింగి ఘాటు, నర్సీపట్నం మీదుగా దిగి అనకాపల్లి దాటితే అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థవారు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. విశాఖపట్నములో కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది, బసవతారకం ఆసుపత్రి ఉన్నది. ఆ బసవతారకం గారు నందమూరి తారక రామారావు గారి సతీమణి. 1984లో క్యాన్సరుతో కన్నుమూశారు. అప్పుడు ఆయన రాష్ట్రానికి ముఖ్యమంత్రి. అధికారమున్నా భార్యను నిలుపుకోలేకపోయాడు. ఆమె పేరిట ఆసుపత్రి కట్టించాలని తలపెట్టాడు, 1996లో ఆయన కూడా వెళ్ళిపోయాడు, 2000లో ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. ఒక భర్త దుఃఖము నుండి మొదలైన ఆ ఇంటిలో ఈనాడు వేలమంది చికిత్స పొందుతున్నారు. ఇక ఖర్చు విషయము. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకము పేర్లు మారుతూ వచ్చింది. ఏ పేరున ఉన్నా, దాని కింద మీ చికిత్సకు ఏమి వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆ పథకము కౌంటరులో అడగండి. సిగ్గుపడకండి.

డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకము తీసుకొని వెళ్ళండి. మీతోపాటు మాట వినటానికి ఇంకొకరిని తీసుకొని వెళ్ళండి, ఎందుకంటే భయపడిన మనిషి చెవిలో సగము మాటలే పడతాయి. మూడు ప్రశ్నలు అడగండి. జబ్బు ఏ దశలో ఉన్నది? ఈ చికిత్స జబ్బును పూర్తిగా తీసివేయటానికా, అదుపులో ఉంచటానికా, బాధ తగ్గించటానికా? ఇది పనిచేయకపోతే తరువాత ఏమున్నది? రిపోర్టులన్నీ ఒకే సంచిలో వరుసగా పెట్టుకోండి.

అయితే నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. అది అందరి గొంతులోనూ ఉంటుంది. "ఎన్నాళ్ళు బతుకుతారు?" దీని గూర్చి ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో స్టీఫెన్ జే గౌల్డ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. 1982లో ఆయనకు అరుదైన, భయంకరమైన క్యాన్సరు ఉన్నదని తెలిసింది. పుస్తకములు తీసి చూస్తే, ఆ జబ్బు వచ్చినవారి మధ్యమ ఆయుష్షు ఎనిమిది నెలలని ఉన్నది. ఆయన లెక్కలు తెలిసినవాడు గనుక ఆ మాటకు అర్థమేమిటో ఆలోచించాడు. మధ్యమము ఎనిమిది నెలలంటే, అందరూ ఎనిమిది నెలలకు చనిపోతారని కాదు. వందమందిని వరుసలో నిలబెడితే యాభైమంది అంతకు లోపల పోయారు, మిగతా యాభైమంది అంతకు మించి బతికారు. ఆ మిగిలినవారిలో కొందరు చాలా ఏళ్ళు బతికారు. ఆయన వారిలో ఒకడయ్యాడు. ఇరవై సంవత్సరములు బతికి, 2002లో వేరొక క్యాన్సరుతో మరణించాడు.

ఇది చెప్పి మీకు తప్పుడు ఆశ కల్పించాలని కాదు, సహోదరులారా. మొదటి యాభైమందిలో ఉన్నవారికీ భార్యాపిల్లలు ఉన్నారు. నేను చెప్పేది ఏమిటంటే, డాక్టరు చెప్పే అంకె ఒక గుంపును గూర్చిన లెక్క. మీ భార్య పేరు ఆ అంకెలో రాసి లేదు. డాక్టరు "చెప్పలేము" అంటే ఆయన దాస్తున్నాడని ఎప్పుడూ అనుకోకండి. చాలాసార్లు అది నిజమైన జవాబు. నావికులు లోతు రెండుసార్లు కొలిచారు, రెండుసార్లూ వేరువేరుగా వచ్చింది. ఈ రోజు రిపోర్టు ఈ రోజు లోతును చెబుతుంది. దానిని పారవేయకండి, దానిని దేవుని మాటగానూ చేయకండి.

రోగికి చెప్పాలా వద్దా అని చాలామంది అడుగుతారు. "పాస్టరుగారూ, ఆమెకు తెలియనివ్వకండి, గుండె పగిలి పోతుంది" అంటారు. ప్రియులారా, సూది ఎక్కుతున్నది ఆమె శరీరములో. జుట్టు రాలుతున్నది ఆమె తలమీద. ఆమెకు తెలియదని మీరు అనుకుంటున్నారు, మీరు ఏడుస్తారని ఆమె తెలియనట్టు ఉంటున్నది. ఒకే మంచము మీద ఇద్దరు, ఇద్దరి మధ్య ఒక గోడ. ఆమె ఎంత తెలుసుకోవాలనుకుంటున్నదో అడగండి. అడిగినంత నిజము, మెల్లగా, చేయి పట్టుకొని చెప్పండి.

రెండవది: లంగరులు వేశారు

లోతు తెలిసిన తరువాత వాళ్ళు ఓడ వెనుక భాగము నుండి నాలుగు లంగరులు దించారు. ఎప్పుడు తెల్లవారుతుందా అని కోరుకుంటూ కూర్చున్నారు. లంగరు చేసే పని ఏమిటి? అది తుఫానును ఆపదు, చీకటిని తీసివేయదు. ఓడను కొట్టుకొనిపోకుండా పట్టుకుంటుంది. అయితే లంగరు ఎక్కడ పడాలి? ఓడ మీదనే పెట్టుకుంటే అది ఓడతోపాటే కొట్టుకొనిపోతుంది. ఓడకు బయట, కదలని దానిలో అది దిగాలి.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పనివ్వండి. ఈ సంగతులు నేను గట్టుమీద నిలబడి చెప్పటము లేదు. నా భార్యకు రెండు సంవత్సరముల క్రితము రొమ్ము క్యాన్సరు ఉన్నదని తెలిసింది. మూడవ దశ అన్నారు. ఆపరేషను, కీమోథెరపీ, రేడియేషను అన్నీ జరిగాయి. ఇప్పుడు నాలుగు నెలలకొకసారి పరీక్షకు వెళుతున్నాము. వచ్చే నెలలో మళ్ళీ వెళ్ళాలి. ఆమె నన్ను ఒకసారి అడిగింది: "ఏమండీ, నేను బాగుపడతానని దేవుడు మీతో ఏమైనా చెప్పాడా?" వేదశాస్త్రము చదివినవాడను, ఇరవై ఏళ్ళుగా సేవ చేస్తున్నవాడను. "లేదు, చెప్పలేదు" అన్నాను. ఆమె కాసేపు ఊరుకొని, "అయితే మనము ఆయన చెప్పినదే పట్టుకుందాము" అన్నది. నాకు ఆ రోజు ప్రసంగము చేసింది ఆమె.

ఆయన చెప్పినది ఏమిటి? పౌలుకు దేవదూత ఒక ప్రత్యేకమైన వాగ్దానము ఇచ్చాడు, ప్రయాణికులందరూ బతుకుతారని. ఆ వాగ్దానము ఆ ఓడకు ఇచ్చినది. దానిని తీసి ప్రతి రోగి మంచానికి కట్టే అధికారము నాకు లేదు, ఏ సేవకునికీ లేదు. కాని పౌలు ఆ మాట చెప్పేటప్పుడు దూతను ఎవరు పంపాడని చెప్పాడో చూడండి. తాను చెందిన దేవుడు, తాను సేవించే దేవుడు అన్నాడు. ఆ రాత్రి కంటే ముందే పౌలు ఆయనవాడు. ఆ మాట మాత్రము మీకూ నాకూ చెందుతుంది. నా భార్య ఆయనది. నేను ఆయనవాడను. ఏ పరీక్ష ఫలితమూ ఆ సంబంధమును మార్చదు. రోమా పత్రిక 8వ అధ్యాయము చివర పౌలు పెద్ద జాబితా రాశాడు. మరణమైనా జీవమైనా, ఇప్పుడున్నవైనా రాబోయేవైనా మనలను క్రీస్తు ప్రేమనుండి విడదీయలేవని అక్కడ తేల్చాడు. రాబోయేవి అన్నాడు, గమనించారా? మనము భయపడేది వాటికే. లంగరు అక్కడ దిగాలి.

రిపోర్టు మీద లంగరు వేస్తే ప్రతి నాలుగు నెలలకూ ఓడ తిరగబడుతుంది. స్వస్థత తప్పక వస్తుందనే మన సొంత తీర్మానము మీద వేస్తే, జబ్బు తిరగబెట్టిన రోజున విశ్వాసము కూడా మునుగుతుంది.

సి.ఎస్. లూయిస్ అనే గొప్ప క్రైస్తవ రచయిత పేరు మీలో చాలామంది విన్నారు. ఆయన 1956లో జాయ్ డేవిడ్‌మన్ అనే అమెరికా స్త్రీని రిజిస్టరు వివాహము చేసుకున్నాడు. ఆ ఏడాదే ఆమె కాలి ఎముక విరిగింది. చూస్తే ఎముకలలో క్యాన్సరు. 1957 మార్చి 21న ఆసుపత్రిలో ఆమె మంచము దగ్గరనే ఒక పాదిరిగారు వారికి క్రైస్తవ వివాహము జరిపించాడు, ఆమె మీద చేతులుంచి ప్రార్థించాడు. ఇంక కొద్ది దినములే అనుకున్నారు. అయితే ఆమె కోలుకున్నది. ఎముక తిరిగి గట్టిపడింది. నడిచింది. ఇల్లు చక్కబెట్టుకున్నది. 1959 అక్టోబరులో పరీక్షలో జబ్బు తిరిగి వచ్చిందని తెలిసింది. 1960 ఏప్రిల్‌లో ఆ జబ్బుతోనే ఇద్దరూ కలిసి గ్రీసు దేశము చూచి వచ్చారు. జూలై 13న ఆమె మరణించింది. ఆ తరువాత ఆయన తన దుఃఖమును, దేవునితో తన పోరాటమును దాచకుండా ఒక పుస్తకములో రాశాడు. 1961లో అది మారుపేరుతో వెలువడింది.

ఆ ప్రార్థనకు జవాబు వచ్చిందా, రాలేదా? మూడు సంవత్సరములు వచ్చాయి. ఆ మూడు సంవత్సరములూ దానమే. దాని తరువాత మరణమూ వచ్చింది. పౌలు జీవితములోనే చూడండి. ఎపఫ్రొదితు చావుకు దగ్గరై బాగుపడ్డాడు, ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయములో ఉన్నది. త్రోఫిమును మాత్రము రోగిగానే మిలేతులో విడిచి రావలసి వచ్చింది, 2 తిమోతి 4:20లో ఉన్నది. ఇద్దరి గూర్చి రాసిన చేయి ఒక్కటే. త్రోఫిముకు విశ్వాసము తక్కువని పౌలు ఒక్క మాట కూడా రాయలేదు. కనుక మీ ఇంటికి వచ్చి, "నీకు విశ్వాసముంటే మందులు మానేయి" అనేవారి మాట వినకండి. కీమో మధ్యలో ఆపినందువలన కలిగే నష్టము రోగి మోస్తుంది, ఆ మాట అన్నవారు మోయరు. ప్రార్థించండి, మాత్ర వేసుకోండి. రెండూ ఒకే దేవుని చేతినుండి వచ్చినవి.

మూడవది: ఓడ దిగి పోకుండా ఆపారు

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి జరిగింది. కొందరు నావికులు, ముందు వైపునుండి కూడా లంగరులు వేస్తామని చెప్పి చిన్న పడవను నీటిలోకి దించారు. నిజానికి వాళ్ళు పారిపోదామనుకున్నారు. చేతిలో ఉన్నది లంగరు, మనసులో ఉన్నది పరుగు. పౌలు అది కనిపెట్టాడు. వీళ్ళు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరని శతాధిపతితో చెప్పాడు. సైనికులు తాళ్ళు కోసి పడవను వదిలేశారు.

భర్తలారా, ఈ మాట మనకు. 2009లో అమెరికా వైద్యులు ఒక అధ్యయనము ప్రచురించారు. మెదడు కణితులు, ఇతర క్యాన్సర్లు వంటి తీవ్రమైన జబ్బులు వచ్చిన 515 మంది వివాహితులను వారు గమనించారు. జబ్బు భర్తకు వచ్చిన కుటుంబములలో నూటికి సుమారు ముగ్గురు విడిపోయారు. జబ్బు భార్యకు వచ్చిన కుటుంబములలో నూటికి సుమారు ఇరవై ఒక్కరు విడిపోయారు. ఏడు రెట్లు! అది అమెరికా గదా అంటారా? మన దగ్గర విడాకుల కాగితము ఉండదు. పుట్టింటికి పంపి తిరిగి పిలవకపోవటము ఉంటుంది.

ఇంటిలో ఉండి కూడా పడవ దించుకోవచ్చు. కొందరు జీలుగు కల్లు కుండ దగ్గరకు పారిపోతారు. కొందరు పనిలోకి పారిపోతారు. కొందరు, దేవుడు మనలను క్షమించును గాక, పరిచర్యలోకే పారిపోతారు. ఊరూరా కూటములు పెడతారు, ఇంటిలో వాంతి గిన్నె పట్టుకునేది పదేళ్ళ పిల్ల. లంగరు వేస్తున్నట్టే కనబడుతుంది, చేసేది మాత్రము పారిపోవటము.

నిలబడటమంటే పెద్ద పనులేమీ కాదు. ఆపరేషను అయిన తరువాత ఆమె అద్దములో చూచుకోలేని రోజున మీరు ముఖము తిప్పుకోకుండా ఉండటము. జుట్టు పోయిన తలకు నూనె రాయటము. ఒక్కొక్క రాత్రి ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోవటము. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు విప్పకుండా నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదే, నోరు తెరిచిన తరువాతనే పాడుచేశారు.

భర్తను చూచుకుంటున్న సహోదరీ, నీకు వేరొక మాట. నీవు పారిపోలేదు. నీవు మోస్తూనే ఉన్నావు. ఆయనకు కోపము ఎక్కువైతే, ఆయన అన్నము తోసివేస్తే, ఆ కోపము వెనుక భయమున్నదని నీకు తెలుసు. అయినా నీకు నొప్పి కలుగుతుంది. నీ నొప్పిని కూడా ఎవరితోనైనా చెప్పుకో, అమ్మా. ఆడకూతుర్ల కూటములో ఒకరిద్దరు నమ్మకమైనవారు ఉంటారు. భర్తను ప్రేమించే భార్య అలసిపోకూడదని బైబిలులో ఎక్కడా లేదు.

నాలుగవది: రొట్టె తిన్నారు

తెల్లవారబోతున్నప్పుడు పౌలు అందరినీ భోజనము చేయమని బతిమాలాడు. పద్నాలుగు దినములుగా వారు సరిగా తినలేదు. గాలి ఆగిందా? ఆగలేదు. నేల కనబడిందా? కనబడలేదు. ఏమీ మారకముందే పౌలు రొట్టె తీసుకొని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, విరిచి తినటము మొదలుపెట్టాడు. అది చూచి అందరూ ధైర్యము తెచ్చుకొని తిన్నారు.

రోగిని చూచుకునేవారు మొదట మానివేసేది తిండి, తరువాత నిద్ర. రేడియేషను అంటే చాలాసార్లు వారములతరబడి, వారానికి ఐదు రోజులు ఆసుపత్రికి వెళ్ళాలి. కీమో అయితే సాధారణంగా మూడు వారములకొక విడత, నెలలపాటు. ఇది ఒక్క రాత్రి పరుగు కాదు. తిని, పడుకొని, ఇంకొకరికి వంతు ఇచ్చి నడవవలసిన ఘాటు రోడ్డు. డిసెంబరులో లంబసింగి మంచులో జీపు నడిపేవారిని అడగండి. చింతపల్లి దాకా దారి కనబడాలని వారు ఎదురుచూడరు. దీపము పడినంత దూరము కనబడితే అంతవరకు నడుపుతారు. అక్కడికి చేరేసరికి ఇంకొంత కనబడుతుంది. అరణ్యములో దేవుడు మన్నాను కూడా అలాగే ఇచ్చాడు, ఏ రోజుది ఆ రోజుకు. మరునాటికి దాచినది పురుగుపట్టింది.

"ఎంతకాలమో తెలిస్తే ప్రశాంతముగా ఉండేవాళ్ళము" అంటారు కొందరు. బైబిలులో ఒకనికి అది తెలిసింది. హిజ్కియా రాజు మరణకరమైన రోగములో ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు పదిహేను సంవత్సరములు ఇచ్చాడు. అంకె కచ్చితముగా చెప్పాడు. ఆ తరువాత ఆయన ఏమి చేశాడు? బబులోనువారు పలకరించటానికి వస్తే తన ఖజానా అంతా తెరిచి చూపించి గర్వపడ్డాడు. యెషయా 38, 39 అధ్యాయములు కలిపి చదవండి. అంకె తెలిసినంత మాత్రాన మనిషికి జ్ఞానము రాలేదు. మనకు కావలసింది సంవత్సరముల లెక్క కంటే, ఈ రోజును దేవుని యెదుట ఎలా గడపాలనే తెలివి.

సంఘమా, ఇక్కడ నీ పని ఉన్నది. ఆరాధన అయిన వెంటనే గుమ్మము దగ్గర ఆ భర్తను చుట్టుముట్టి, "డాక్టరుగారు ఏమన్నారు? తిరగబెట్టిందా?" అని అడగకండి. ప్రతి వారము ఆ జవాబు చెప్పి చెప్పి ఆయన గుడికి రావటమే మానేస్తాడు. మన దగ్గర ఒక గ్రామములో మరొక పని చేశారు. ఒక కుటుంబము కాఫీ పళ్ళ కోత రోజులలోనే చికిత్సకు విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చింది. పండిన పళ్ళు చెట్టుమీద ఆగవు, రాలిపోతాయి. స్త్రీల సమాజమువారు, యవనస్థులు కలిసి వారి తోట కోసి, పళ్ళు తొక్క తీసి, ఆరబెట్టి ఇంటిలో పెట్టారు. మేకలను ఒకరు చూచుకున్నారు. పిల్లలకు ఒకరు వండి పెట్టారు. ఆ ఇంటివారు తిరిగి వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. పొయ్యిమీద అన్నము ఉన్నది. పౌలు విరిచిన రొట్టె అదే, ప్రియులారా.

ఒకవేళ డాక్టర్లు, జబ్బును తీసివేసే చికిత్స ఇక లేదని చెప్పవచ్చు. అప్పుడు కూడా చేయగలిగినది చాలా ఉన్నది. నొప్పిని తగ్గించే మందులు ఉన్నాయి, మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. ఆయాసము, వాంతులు, నిద్రలేమి తగ్గించే వైద్యము ఉన్నది. దానిని ఉపశమన వైద్యము అంటారు. అది చేతులెత్తేయటము కాదు. నొప్పితో అరుస్తూ చావటము విశ్వాసమునకు గుర్తు అని ఎవరూ అనుకోకండి. డాక్టరును అడగండి: "ఈమెకు నొప్పి లేకుండా ఏమి చేయగలరు?" ఆ ప్రశ్న అడగటము ప్రేమ.

చివరిగా, తెల్లవారింది

తెల్లవారినప్పుడు వారికి తీరము కనబడింది, అయితే ఏ దేశమో గుర్తుపట్టలేకపోయారు. ఓడ ఇసుకలో చిక్కుకొని పగిలిపోయింది. ఈత వచ్చినవారు ఈదారు, మిగిలినవారు పలకల మీద, ఓడ చెక్కల మీద తేలుతూ వచ్చారు. అందరూ తీరమునకు చేరారు. దేవుడు మనుష్యులను కాపాడాడు, ఓడను కాపాడలేదు.

ఈ శరీరము ఓడ వంటిది. కొందరి ఓడను ప్రభువు ఇంకా కొంతకాలము బాగుచేసి నడుపుతాడు. అలా జరగాలని నేను ప్రతి ఉదయము అడుగుతున్నాను, మీరూ అడగండి. గెత్సేమనేలో మన ప్రభువే, ఆ గిన్నె తొలగించమని తండ్రిని అడిగాడు. అడగటము తప్పు అయితే ఆయన అడిగేవాడు కాదు. మరి కొందరి ఓడ పగులుతుంది. పగిలినా తీరము ఉన్నది. మూడవ దినమున సమాధిలోనుండి లేచినవాడు ఆ తీరములో నిలబడి ఉన్నాడు గనుకనే మనము ఈ మాట చెప్పగలుగుతున్నాము. లేకపోతే ఇవన్నీ ఓదార్పు కబుర్లే.

ఏ విధముగా తెల్లవారుతుందో నాకు తెలియదు. తెల్లవారుతుందని మాత్రము తెలుసు. అప్పటి వరకు లోతు కొలుద్దాము, లంగరు వేద్దాము, ఓడలో నిలుద్దాము, రొట్టె తిందాము.

ప్రార్థన చేసుకుందాము.

దయగల తండ్రీ, ఈ రాత్రి నిద్రపట్టని ఇళ్ళను నీవు ఎరుగుదువు. పరీక్ష ఫలితము కొరకు ఎదురుచూచేవారిని, సూది మందు బాధలో ఉన్నవారిని, వారి పక్కన కూర్చున్న భార్యలను, భర్తలను నీ చేతిలో పెడుతున్నాము. స్వస్థపరచుము తండ్రీ, నీకు సమస్తము సాధ్యము. నీ చిత్తము మాకు అర్థము కాని చోట మా చేయి వదలవద్దు. వైద్యులకు, నర్సులకు తెలివిని, ఓపికను ఇమ్ము. ఆ ఇళ్ళలోని పిల్లలను కాపాడుము. పారిపోవాలని తోచినవారిని నిలబెట్టుము. అలసిపోయినవారికి ఈ రోజుకు చాలిన బలము ఇమ్ము, రేపటిది రేపు ఇమ్ము. మా సంఘములకు మాటలు తక్కువగాను, చేతులు ఎక్కువగాను ఉండునట్లు చేయుము. మా కొరకు చనిపోయి తిరిగి లేచిన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.